లొట్టీ మూన్ గారు అడిగిన విశ్రాంతి





బాప్టిస్టు మిషను చరిత్ర చదివినవారిలో లొట్టీ మూన్ గారి పేరు ఎరుగనివారు తక్కువ. చైనా దేశములో దాదాపు నలభై సంవత్సరములు సేవచేసి, 1912లో క్రిస్మసుకు ముందురోజున ఓడలో ప్రాణము విడిచిన మిస్సమ్మగారు ఆమె. ఆమెను గూర్చి ప్రసంగించేవారు ఎక్కువగా ఆ మరణము దగ్గరే ఆగిపోతారు. తన కూడు ఇతరులకు పెట్టి, చిక్కి శల్యమై చనిపోయినదని చెప్పి, సహోదరీలారా మీరును అట్లే సేవ చేయవలెనని హెచ్చరించి ముగిస్తారు. కాని ఆమె జీవితమంతా వరుసగా చదివితే మరొక సంగతి కనబడుతుంది. బ్రతికి ఉన్న కాలములో ఆమె తనను పంపిన సంఘములను పదే పదే ఒకటి అడిగారు. పనిచేసే స్త్రీలకు తోడు పంపండి, వారికి విశ్రాంతి ఇవ్వండి అని అడిగారు. ఆమె మరణమును జ్ఞాపకము చేసుకున్నంతగా ఆ మనవిని మనము జ్ఞాపకము చేసుకోలేదు. అందుచేత ఈ నెల ఆ మనవిని గూర్చి వ్రాయదలచాను.

బాల్యము, చదువు

ఆమె పూర్తి పేరు షార్లెట్ డిగ్స్ మూన్. 1840 డిసెంబరు 12వ తేదీన అమెరికాలోని వర్జీనియా రాష్ట్రములో పుట్టారు. వారిది పెద్ద భూస్వామి కుటుంబము. ఆ కాలములో అక్కడి భూస్వాముల ఐశ్వర్యమంతా బానిసల చెమట మీద నిలిచినదే, వీరిదీ అంతే. ఈ సంగతి దాచవలసిన పనిలేదు. తండ్రి 1853లో చనిపోయారు. తల్లి భక్తిగల స్త్రీ. ఆడపిల్లలకు చదువెందుకు అనే ఆ రోజులలోనే కుమార్తెలను బాగుగా చదివించారు. పెద్ద కుమార్తె ఒరియానా డాక్టరు అయ్యారు. లొట్టీ మూన్ గారు 1861లో ఎం.ఏ. పట్టము పొందారు. అమెరికా దక్షిణ రాష్ట్రములలో ఆ పట్టము పొందిన మొట్టమొదటి స్త్రీలలో ఆమె ఒకరు. గ్రీకు, లాటిను మొదలైన భాషలు ఆమెకు బాగా వచ్చేవి.

చిన్నతనములో ఆమెకు గుడి అంటే అంత ఇష్టము లేదు. భక్తిపరులను చూచి నవ్వే స్వభావము కూడ ఉండేది. 1858లో జాన్ బ్రాడస్ అనే ప్రసిద్ధ బోధకుని కూటములలో ఆమె హృదయము మారింది. తరువాత అంతర్యుద్ధము వచ్చి కుటుంబపు ఆస్తి కరిగిపోయింది. ఆమె ఉపాధ్యాయినిగా పనిచేస్తూ, ఒక స్నేహితురాలితో కలిసి జార్జియా రాష్ట్రములో బాలికల పాఠశాల నడిపారు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి తెలుసు, బడి ఒక్కటే మనిషి శక్తినంతా తీసుకుంటుంది. ఆమె దానితోపాటు పేదల ఇండ్లకు కూడ వెళ్ళి పరామర్శించేవారు.

చెల్లెలు చేసిన ప్రయాణము

లొట్టీ మూన్ గారికంటె ముందు చైనాకు వెళ్ళినది ఆమె చెల్లెలు ఎడ్మోనియా. 1872లో ఆమె వెళ్ళినప్పుడు ఇరవై ఏళ్ళు దాటీ దాటని వయస్సు. మరుసటి సంవత్సరమే అక్కగారు కూడ సేవకు ఒప్పుకొని 1873లో బయలుదేరి షాన్‌టుంగ్ ప్రాంతములోని టెంగ్‌చౌ పట్టణము చేరారు. అది సముద్రతీరములోని ఊరు.

అక్కడి పని చిన్నదికాదు. భాష నేర్చుకోవాలి, పిల్లలకు బడి చెప్పాలి, గ్రామములు తిరగాలి, విదేశీయులను పిశాచములని పిలిచే జనుల మధ్య ఓపికపట్టి నడుచుకోవాలి. చలి, జబ్బులు, ఒంటరితనము సరేసరి. ఎడ్మోనియా దానికి తట్టుకోలేకపోయింది. శరీరముతోపాటు మనస్సు కూడ కుంగిపోయింది. చివరకు 1876లో లొట్టీ మూన్ గారే తన పని ఆపుకొని చెల్లెలిని స్వదేశమునకు తీసుకొనిపోవలసివచ్చింది. ఆ తరువాత ఎడ్మోనియా తిరిగి చైనాకు రాలేదు.

ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆలోచించవలెను. ఎడ్మోనియాకు భక్తి తక్కువా? భక్తి లేనిది అంత చిన్న వయస్సులో సముద్రములు దాటి ఎందుకు వెళ్ళింది? భుజము మోయగలిగినదానికంటె బరువు ఎత్తినప్పుడు భుజము వంగుతుంది. అది భుజము చేసిన పాపము కాదు. ఆ సంగతిని లొట్టీ మూన్ గారు పుస్తకములో చదివి తెలుసుకోలేదు. తన తోబుట్టువును చూచి తెలుసుకున్నారు.

ఆమె 1877 చివరలో ఒంటరిగా చైనాకు తిరిగి వచ్చి బాలికల పాఠశాల తెరిచారు. సమయము దొరికినప్పుడెల్లా చుట్టు గ్రామములకు వెళ్ళి స్త్రీలకు సువార్త చెప్పేవారు.

పింగ్‌టులో ఒంటరి సేవ

1885లో, నలభై అయిదేళ్ళ వయస్సులో, ఆమె టెంగ్‌చౌ విడిచి లోపలి ప్రాంతములోని పింగ్‌టుకు వెళ్ళారు. అది దాదాపు 120 మైళ్ళ దూరము. రైలు లేదు, మంచి దారి లేదు. రెండు కంచరగాడిదల మధ్య కట్టిన డోలీలో రోజుల తరబడి ప్రయాణము. ఆమె మనిషి చాలా పొట్టి, నాలుగున్నర అడుగులు కూడ ఉండరు. అయినను ఆ ఊరిలో ఇల్లు అద్దెకు తీసుకొని, చైనావారి బట్టలు కట్టి, వారి తిండి తిని, వారి పొరుగున కాపురమున్నారు. మొదట జనులు దగ్గరకు రాలేదు. అప్పుడామె తీపి బిస్కట్లు చేసి పిల్లలకు పంచేవారు. పిల్లల వెనుక తల్లులు వచ్చారు. తల్లుల ద్వారా ఇండ్ల తలుపులు తెరుచుకున్నాయి.

1887లో షాలింగ్ అనే గ్రామమునుండి మనుషులు ఆమెను వెదుక్కుంటూ వచ్చి, తమకు కూడ ఆ మాటలు చెప్పమని అడిగారు. ఆ గ్రామములోనే 1889లో సంఘము ఏర్పడినది. అక్కడ విశ్వసించిన లీ షౌటింగ్ అనే యువకుడు తరువాత గొప్ప సువార్తికుడై వేలమందికి బాప్తిస్మమిచ్చారు.

ఫలము కనబడుతూ ఉన్నది, పని పెరుగుతూ ఉన్నది, మనిషి మాత్రము ఒక్కరే. మిషనెరీలు కొన్నేళ్ళ సేవ తరువాత స్వదేశమునకు వెళ్ళి విశ్రమించుటను ఫర్లో అంటారు. మన ఇండ్లలో కోడలు పుట్టింటికి వెళ్ళి నాలుగు రోజులు ఊపిరి పీల్చుకొని వచ్చినట్లే అది. లొట్టీ మూన్ గారికి ఆ విశ్రాంతి చాలా అవసరమైన సమయమది. అయితే ఆమె వెళ్తే కొత్త విశ్వాసులను చూచేవారు ఎవరు? తన స్థానములో ఎవరైనా వచ్చేవరకు కదలనని ఆమె ఆగిపోయారు.

ఆమె చేసిన మనవి

ఆగిపోయి ఊరుకోలేదు. కాగితము కలము తీసుకున్నారు. ఇదే మనము గమనించవలసిన సంగతి. తాను అలసిపోయానని గొణుగుకొని లోపల దాచుకోలేదు. సంఘములలోని స్త్రీలకు, బోర్డువారికి, మిషను పత్రికకు ఉత్తరముల మీద ఉత్తరములు వ్రాశారు. మెతడిస్టు సంఘముల స్త్రీలు చక్కగా కూడుకొని తమ మిషనెరీలను ఆదుకుంటున్నారు, బాప్టిస్టు స్త్రీలు ఎందుకు చేయరాదని అడిగారు. క్రిస్మసుకు ముందు వారమును ప్రార్థనకు, మిషను కానుకకు ప్రత్యేకించుమని 1887 చివరలో ఆమె వ్రాసినది పత్రికలో అచ్చయినది.

మరుసటి సంవత్సరము 1888లో దక్షిణ బాప్టిస్టు స్త్రీల సమాజము ఏర్పడినది. ఆనీ ఆర్మ్‌స్ట్రాంగ్ గారు దానికి కార్యదర్శి. లొట్టీ మూన్ గారికి తోడుగా ఇద్దరు స్త్రీలను పంపుటకు 2000 డాలర్లు పోగుచేయవలెనని వారు తీర్మానించారు. ఆ క్రిస్మసుకు వచ్చినది 3000 డాలర్లకు పైగానే. ఇద్దరు అనుకున్నచోట ముగ్గురిని పంపుటకు అది చాలినది. తోడు వచ్చి, వారు భాష నేర్చి, పని అందుకున్న తరువాతనే ఆమె 1890ల మొదటి భాగములో ఫర్లో తీసుకున్నారు.

ఈ రోజున ప్రపంచమంతట పేరుపొందిన లొట్టీ మూన్ క్రిస్మసు కానుక అలా మొదలైనది. దాని మూలము ఏమిటి? అలసిపోయిన ఒక స్త్రీకి తోడు పంపుట, ఆమెను కొంతకాలము విశ్రాంతికి పంపుట. ఆ మూలమును మనము మరచిపోకూడదు.

ఆమె అంతటితో ఆగలేదు. ఆ రోజులలో మిషనెరీ అంటే వెళ్ళినచోటనే చనిపోవలెను అనే తలంపు సంఘములలో బలముగా ఉండేది. ఎంత త్వరగా చనిపోతే అంత గొప్ప అన్నట్లు మాటలాడేవారు. ఆమె దీనిని ఒప్పుకోలేదు. పది సంవత్సరములకు ఒకసారియైనా తప్పనిసరిగా విశ్రాంతి ఇస్తే, పనివారు ఎక్కువ కాలము బ్రతుకుతారు, అనుభవముతో మరింత ఫలముగా పనిచేస్తారు అని వాదించారు. చెల్లెలు కుంగిపోవుట చూచిన దుఃఖము ఆ వాదము వెనుక ఉన్నదని వేరే చెప్పనక్కరలేదు.

మన తెలుగు మిషనులో

ఇది చైనాకు మాత్రమే చెందిన సంగతి అనుకోవద్దు. మన తెలుగు మిషను పునాదులలో కూడ ఇదే ఉన్నది. శామ్యూల్ డే దొరగారు 1836లో ఇండియాకు వచ్చి, 1840లో నెల్లూరు చేరి, ఆరోగ్యము చెడి 1846లో స్వదేశము వెళ్ళవలసివచ్చింది. కొంతకాలము విశ్రమించిన తరువాత జూయెట్ దొరగారిని, దొరసానిగారిని వెంటబెట్టుకొని తిరిగి వచ్చారు. ఆ జూయెట్ దొరగారు కూడ 1862లో జబ్బుపడి అమెరికా వెళ్ళారు. అప్పటికి తెలుగు మిషనును మూసివేయుదమా అనే మాట బోర్డులో నడుస్తూ ఉన్నది. జబ్బుతో ఇంటికి వెళ్ళిన ఆ మనిషే అక్కడ తెలుగువారి పక్షమున నిలబడి మాటలాడారు. తిరిగి వచ్చేటప్పుడు క్లౌ దొరగారిని తోడు తెచ్చారు. 1866లో ఒంగోలు మిషను మొదలైనది. 1878 జూలై 3న ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన పిల్లలకు కూడ తెలిసినదే.

జూయెట్ గారు నెల్లూరులోనే ఉండి ప్రాణము విడిచి ఉంటే అందరు మెచ్చుకునేవారేమో. ఆయన విశ్రాంతికి వెళ్ళారు గనుకనే క్లౌ గారు మనకు దొరికారు.

చివరి దినములు

లొట్టీ మూన్ గారి చివరి సంవత్సరములు కష్టకాలము. 1900లో బాక్సర్ల తిరుగుబాటు వచ్చినప్పుడు ఆమె కొంతకాలము జపానులో ఉండవలసివచ్చింది. 1911లో చైనాలో విప్లవము, దానితోపాటు తెగులు, కరవు. స్వదేశములో మిషను బోర్డు అప్పులలో మునిగి ఉన్నది. సహాయము కావలెనని ఆమె వ్రాసినా పంపుటకు డబ్బు లేదు. ఆమె తన సొంత సొమ్ము కరవు సహాయమునకు ఇచ్చివేశారు. అప్పటికి ఆమెకు డెబ్బది ఏళ్ళు దాటాయి. మనస్సు దిగులులో పడిపోయింది, శరీరము క్షీణించింది. డాక్టరు చూచి వెంటనే స్వదేశమునకు పంపవలెనన్నారు. సింథియా మిల్లర్ అనే నర్సును తోడిచ్చి ఓడ ఎక్కించారు. 1912 డిసెంబరు 24న జపానులోని కోబే రేవులో ఓడ ఆగి ఉండగా ఆమె ప్రభువునందు నిద్రించారు. వయస్సు డెబ్బది రెండు. అస్థికలను వర్జీనియాలోని క్రూ అనే ఊరిలో పాతిపెట్టారు.

ఆమె తన భోజనమంతా పేదలకు ఇచ్చి ఆకలితో చనిపోయారని ఎంతోకాలముగా చెప్పుకుంటున్నారు. తరువాతి చరిత్రకారులలో కొందరు ఆమె ఉత్తరములను పరిశీలించి, ఆ కథకు తగిన ఆధారము లేదని, వృద్ధాప్యము, జబ్బు, మనోవేదన ముఖ్య కారణములని వ్రాశారు. ఏది ఎట్లున్నా ఒకటి స్పష్టము. ఆమె కావలెనని ఆ స్థితికి రాలేదు. ఇరవై అయిదేళ్ళ క్రితమే తోడు కావలెనని, విశ్రాంతి కావలెనని కోరిన మనిషి ఆమె. చివరి రోజులలో ఆ తోడు సమయమునకు అందలేదు. కనుక ఆ మరణము మనము అనుసరించవలసిన మాదిరి కాదు. అది సంఘములకు హెచ్చరిక.

1918లో ఆనీ ఆర్మ్‌స్ట్రాంగ్ గారి సలహాపై క్రిస్మసు కానుకకు ఆమె పేరు పెట్టారు. ఆ కానుకతో నడిచే మిషను బోర్డే మన రాష్ట్రములో బెంగుళూరు బాప్టిస్టు ఆసుపత్రిని స్థాపించి 1973లో తెరిచింది. రాయచూరు జిల్లానుండి వైద్యమునకు బెంగుళూరు వెళ్ళినవారు ఆ హెబ్బాళ ఆసుపత్రిని చూచి ఉంటారు. పింగ్‌టులో ఒంటరిగా కూర్చుండి ఆమె వ్రాసిన ఉత్తరముల నీడ మనవరకు కూడ వచ్చింది.

మన సంఘములలో

ఇక మన సంగతి. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళను నమ్ముకొని గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాలనుండి వచ్చి సింధనూరు, మాన్వి తాలూకాల క్యాంపులలో స్థిరపడిన కుటుంబములు మనవి. రెండు పంటల పొలము స్త్రీలకు రెండింతల పని. తెల్లవారుజామున పొయ్యి వెలిగించి, నాట్లకు గాని కలుపుకు గాని వెళ్ళి, చీకటిపడి ఇల్లు చేరి, మరల పొయ్యి దగ్గరే కూర్చుంటారు. పుట్టినిల్లు దూరము. అలసితే రెండు రోజులు తల్లి దగ్గర ఉండి వచ్చే వీలు అందరికీ లేదు.

దానిమీద సంఘము పని చూడండి. శనివారము గుడి ఊడ్చి అలికేది వారే. గుప్పెడు బియ్యము కానుక ఇంటింట కూర్చేది వారే. మంగళవారమో బుధవారమో స్త్రీల కూటము, శుక్రవారము ఉపవాస ప్రార్థన, వారములో ఇంటి కూటములు, ఆదివారము సండేస్కూలు, బోధకులవారికి భోజనము, ప్రేమవిందుకు వంట. క్రిస్మసు నెలలో నిద్ర కూడ ఉండదు. ఇందులో ఏదీ చెడ్డది కాదు. అన్నీ మంచివే. కాని లెక్కచూస్తే ప్రతి సంఘములోను ఆ నలుగురైదుగురే అన్నీ మోస్తూ ఉంటారు. ఒక వారము రాకపోతే చల్లారిపోయినదని అంటారు. ఆ మాటకు భయపడి జ్వరముతో కూడ వస్తారు. కొందరు చెప్పలేక మానుకుంటారు, మరి గుడివైపు రారు. అప్పుడు వెనుకబడిపోయిందని ప్రార్థన చేస్తాము. భుజము వంగినప్పుడు ఒక చేయి వేసి ఉంటే ఆ ప్రార్థన అవసరమే ఉండేది కాదు.

మన పరిశుద్ధ గ్రంథములో ఏలీయా బదరీ వృక్షము క్రింద చావు కోరుకొని పడుకున్నప్పుడు దేవుడు అతనిని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె పెట్టాడు, మరల నిద్రపోనిచ్చాడు. ఆ తరువాతనే ప్రయాణమునకు పంపాడు. మోషే ఒక్కడే ఉదయమునుండి సాయంకాలము వరకు తీర్పు తీర్చుచుండగా, మామయైన యిత్రో చూచి, ఈ పద్ధతి మంచిది కాదని, పని పంచిపెట్టుమని బోధించాడు. అపొస్తలులు పని ముగించి వచ్చినప్పుడు ప్రభువు వారిని ఏకాంత స్థలమునకు విశ్రాంతికి పిలిచాడు. కనుక విశ్రాంతి సేవకు విరోధి కాదు.

సంఘ పెద్దలకు కొన్ని మనవులు. ఒక్కొక్క సహోదరికి ఒక్క బాధ్యతకు మించి ఇవ్వవద్దు. గుడి శుభ్రము, వంట, బోధకులవారి భోజనము ఇంటి వరుసచొప్పున పంచి, ఆ పట్టిక గుడిలో అంటించండి. పట్టికలో పురుషుల పేర్లు కూడ ఉండవలెను. ప్రేమవిందుకు గంగాళములు దించుట, గిన్నెలు కడుగుట పురుషులు చేస్తే సువార్తకు ఏ లోపము రాదు. నాట్ల కాలములోను, కోతల కాలములోను ఇంటి కూటములు తగ్గించండి. సండేస్కూలు చెప్పే సహోదరికి ఏడాదిలో ఒక నెల సెలవు ఇచ్చి, ఆ నెల మరొకరికి నేర్పండి. అలా రెండవ ఉపాధ్యాయిని తయారవుతుంది. ఎవరైనా ఈ నెల నా చేతకాదు అంటే కారణము అడగకండి. సరే అమ్మా, మేము చూచుకుంటాము అని చెప్పండి.

సహోదరీలకు ఒక్క మాట. లొట్టీ మూన్ గారు అలసిపోయినప్పుడు సిగ్గుపడలేదు, పని విడిచి పారిపోలేదు. నోరు తెరిచి అడిగారు. మీరును అడగండి. భర్తను అడగండి, అత్తగారిని అడగండి, స్త్రీల సమాజములో అడగండి, పెద్దలను అడగండి. అడిగిన స్త్రీని చులకన చేయు సంఘము ఆమె పేరట కానుక పట్టుటకు తగదు.

ఈ క్రిస్మసు వారము వచ్చినప్పుడు మిషను కానుకతోపాటు మరొక పని కూడ చేయుదము. మన సంఘములో ఎన్నో ఏళ్ళుగా విరామము లేకుండా చేస్తూ ఉన్న ఒక్క సహోదరిని గుర్తుపెట్టుకొని, ఆమె పని ఆ వారము మనము చేసి, ఆమెను గుడిలో ఊరకే కూర్చుండి వాక్యము విననిత్తము.

ప్రభువు మీ ఇండ్లను, మీ పొలములను, మీ సంఘములను ఆశీర్వదించునుగాక. ఆమేన్.